ఆలంబీ ఎడమ కన్ను

పాశమైలారం రంగుల కంపెనీలో ఆలంబీ పని ఒక్కటే. కస్టమర్ ఒక రేకు ముక్క పంపుతాడు, దాన్ని స్టాండర్డ్ అంటారు. దాని మీద ఒక రంగు ఉంటుంది. అందులో ఏయే రంగులు ఎంతెంత కలిశాయో ఆలంబీ చూసి చెబుతుంది. ఆ లెక్కన కలిపి, ఇంకో రేకు మీద పూసి, బట్టీలో ఆరబెట్టి, రెండు రేకులనూ ఆనించి పెడతారు. మధ్యలో గీత కనబడకూడదు. కనబడితే మళ్ళీ మొదటికి. ఇరవై ఆరేళ్ళు ఆమె చేసింది ఇదే.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. వాళ్ళ నాన్నకు సంగారెడ్డిలో చీరలకూ దుపట్టాలకూ రంగులేసే దుకాణం ఉండేది. తడిగా ఉన్నప్పుడు ఏ రంగునూ నమ్మొద్దని ఆయన చెప్పేవాడు. కూతురికి ఆయన ఇచ్చిన ఆస్తి ఆ ఒక్క మాటే. పెళ్ళయ్యాక ఇస్నాపూర్ వచ్చి, కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది. రెండు నెలలకు, షేడు కలిపే మనిషి చెల్లెలి పెళ్ళికని నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఆ నాలుగు రోజుల్లోనే ఒక ఫ్యాన్ల కంపెనీ గోధుమరంగు రేకు పంపి తొందర పెట్టింది. ముగ్గురు కూర్చుని ఎంత కలిపినా కుదరలేదు. అటుగా అట్టపెట్టె మోసుకుపోతున్న ఆలంబీ ఆగి, "అండ్ల జెర ఆకుపచ్చ ఉన్నది సార్" అన్నది. గోధుమరంగులో ఆకుపచ్చ ఏమిటని నవ్వారు. వేరే దారి లేక వేసి చూశారు. గీత మాయమైంది. సెలవు మీద పోయిన మనిషి తిరిగివచ్చేసరికి తన కుర్చీలో ఆలంబీ ఉంది. అతను చాలా రోజులుగా గోడౌన్ డ్యూటీ కావాలని అడుగుతుండేవాడు. అది ఇచ్చారు. అందరూ సంతోషించారు.

అప్పటినుంచి ఆలంబీ పనిలో బూడిదరంగు తప్ప ఏదీ వేసుకోలేదు. మనం వేసుకున్న రంగు రేకు మీద పడి కన్నును మోసం చేస్తుంది. ఒకసారి ఓనరు భార్య ఎర్ర పట్టుచీరలో ఫ్యాక్టరీ చూడటానికి వచ్చి బల్ల పక్కన నిలబడితే, "అమ్మా, జెర మూడు అడుగులు ఎనకకు జరుగుండ్రి" అన్నది. ఆవిడ జరిగింది. ఆ సంగతి కంపెనీలో పదేళ్ళు చెప్పుకున్నారు.

పోయినేడాది కాక ముందటేడు జూన్‌లో వాళ్ళ మేడమీద గదిలోకి నిషిత కిరాయికి వచ్చింది. సిద్దిపేట దగ్గరి అమ్మాయి. కంది వైపు ఉన్న పెద్ద విద్యాసంస్థలో పిహెచ్‌డి చేస్తోంది. ఆలంబీ భర్త రహమాన్ ఆటో నడుపుతాడు. గది ఇచ్చేముందు విచారించడం అతని బాధ్యత.

"ఏం పని చేస్తవు బేటీ?"

"పరిశోధన అంకుల్. విశ్వం పుట్టిన కొత్తల గెలాక్సీలు ఎట్లుండెనో, వాటినుంచి ఎసుంటి వెలుతురు వచ్చేదో, కంప్యూటర్‌ల తయారు చేసి చూస్తా."

"గెలాక్సీలు తయారు చేస్తవా?"

"ఉత్తుత్తయి. కంప్యూటర్‌లనే."

"ఇంట్ల ఏం చేయవు కద?"

"చేయను."

"నీళ్ళు ఎక్కువ వాడవు కద?"

"వాడను అంకుల్."

రహమాన్ తాళంచెవి ఇచ్చేశాడు.

ఆ తర్వాతి జనవరిలో కంపెనీకి మిషిన్ వచ్చింది. అన్నం వండే కుక్కరంత ఉంటుంది. దాని నోటి దగ్గర రేకు పెడితే, ఆ రంగును లోపలే కొలిచి, ఏమేం కలపాలో అయిదు రకాలుగా రాసి చూపిస్తుంది. ల్యాబ్ మేనేజర్ శ్రావణ్‌కుమార్ ఆలంబీ దగ్గరికి వచ్చాడు. ముప్పై రెండేళ్ళవాడు, ఎమ్మెస్సీ చదివి నేరుగా ఇక్కడే చేరాడు. వచ్చి, నేల వైపు చూస్తూ మాట్లాడాడు.

"అమ్మా, మిషిన్ సెట్ అయ్యేదాక మీరు కొన్ని రోజులు ప్యాకింగ్ చూడుండ్రి. జీతం అంతే ఉంటది."

ఆలంబీ ఎందుకని అడగలేదు. బూడిదరంగు కోటు విప్పి, నాలుగు మడతలు పెట్టి, సంచిలో వేసుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది. రహమాన్ ఆలోచించి, "ఆటోలల్ల సుత కరెంటువి వచ్చినయి. వచ్చేటివి వస్తనే ఉంటయి" అన్నాడు. ఆలంబీ అతనితో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అతను గమనించాడు.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున, గది వేడెక్కిందని నిషిత మెట్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్ చూసుకుంటోంది. ఆలంబీ బట్టలు ఆరేసి దిగుతూ ఆగింది. తెర మీద ఒక వంకర గీత, దాని చుట్టూ కొన్ని చుక్కలు ఉన్నాయి. అలాంటి గీతలు ఆమె మిషిన్ తెర మీద దూరం నుంచి చూసి ఉంది.

"ఇది రంగు గీత కద బిడ్డా?"

నిషిత తల ఎత్తి చూసింది. ఆ ఇంట్లో తొమ్మిది నెలలుగా తన పని గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

"అట్లనే ఆంటీ. ఈ చుక్కలు టెలిస్కోప్ చూసినయి. ఒక గెలాక్సీ నుంచి ఏ రంగుల ఎంత వెలుతురు వచ్చిందో చెప్తయి. గీత నేను కలిపింది. కొత్త నక్షత్రాలు గింత, పాత నక్షత్రాలు గింత అని కలుపుకుంటపోతె ఏ వెలుతురు వస్తదో కంప్యూటర్ చెప్తది. గీత చుక్కల మీదికి రావాలె."

"స్టాండర్డ్ వాళ్ళది, కలుపుడు నీది."

"ఆఁ."

"గీత ఎన్ని రకాలుగ కుదురుతది?"

"మూడు వందల రకాలుగ కుదిరింది."

"మా మిషిన్ అయిదే చెప్తది" అని ఆలంబీ పైమెట్టు మీద కూర్చున్నది. "మరి ఏది నిజం?"

"అదే తెలుస్తలేదు."

నిషిత చెప్పిన ఇబ్బంది ఇది. ఆ వెలుతురు బయలుదేరి పదమూడు వందల కోట్ల ఏళ్ళయింది. అప్పటికి విశ్వానికి అరవై అయిదు కోట్ల ఏళ్ళే. తన లెక్క కుదరాలంటే మాత్రం ఆ గెలాక్సీలో నక్షత్రాలకు అరవై కోట్ల ఏళ్ళ వయసు ఉండాలి. అంత తొందరగా అన్ని నక్షత్రాలు పుట్టడానికి వీల్లేదు. ఇదెట్లా అని వాళ్ళ సారు అడుగుతున్నాడు.

"అంటె పెండ్లి పందిరి ఎయ్యకముందే మనుమడు బడికి పోతున్నట్టు" అన్నది ఆలంబీ.

"దగ్గర దగ్గర అట్లనే."

ఆలంబీ తెర వైపు వంగింది. ఎర్ర వైపు చివర ఒక చుక్క మిగతావాటి కంటే ఎత్తుగా లేచి ఉంది. దాన్ని అందుకోవడానికే గీత వంగి వంగి పైకి పోయింది. ఆ వంపు కోసమే పాత నక్షత్రాలు అన్నన్ని కావలసి వచ్చాయని నిషిత చెప్పింది.

"రోడ్డు మీద పెట్టే కోనులు చూసినవా, నారింజరంగుయి? ఆ రంగు మేమే చేస్తం. మొన్న మిషిన్ల పెడితె గీత కాగితం దాటి పైకి పోయింది. మిషిన్ చెడిపోయిందని మా సారు ఇంజినీరును పిలిపించిండు. చెడిపోలే. ఆ రంగు ఉత్త రంగు కాదు. కంటికి కనబడని వెలుతురును మింగి, కనబడేది కక్కుతది. అందుకే ఒక్క కాడ అట్ల లేస్తది. మామూలు రంగులు ఎన్ని కలిపినా అది రాదు." ఆమె ఆ ఎత్తు చుక్క మీద వేలు పెట్టింది. "నీ దగ్గర అట్ల సొంతంగ మెరిసేది ఏమన్న ఉన్నదా?"

"గ్యాస్ ఉంటది" అన్నది నిషిత. "నక్షత్రాల చుట్టు గ్యాస్. కొత్త నక్షత్రాల వెలుతురు మింగి, కొన్ని రంగులల్లనే..."

అక్కడ ఆగిపోయింది.

"ఏమైంది?"

"గ్యాస్ బంద్ చేసిన ఆంటీ."

ఆలంబీ గబుక్కున లేచి నిలబడింది. "పొయ్యి మీద ఏం పెట్టినవ్?"

"పొయ్యి కాదు. లెక్కల. గ్యాస్ పెడితె ఒక్కొక్క లెక్కకు తొమ్మిది రోజులు పడుతది. నవంబర్ల జల్దీ అయితదని బంద్ చేసిన. మళ్ళ పెట్టుడు మర్చిపోయిన."

నాలుగు నెలలుగా ఆమె, ఆమె సారు, పుణెలో ఇంకో ఇద్దరు కలిసి ఆ గీత ఎందుకు కుదరడం లేదో చర్చిస్తున్నారు. ఆ సంగతి నిషిత అప్పుడు చెప్పలేదు. తర్వాత చెప్పింది.

తొమ్మిది రోజులు పట్టింది. గ్యాసు పెట్టాక ఆ ఎత్తు చుక్క గ్యాసు మెరుపుకే సరిపోయింది. నక్షత్రాల వయసు అరవై కోట్ల ఏళ్ళ నుంచి ఎనిమిది కోట్లకు దిగింది. నిషిత రెండు కిలోల జామకాయలు తెచ్చి, అచ్చయ్యే వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఆంటీ పేరు పెడతానన్నది. ఆలంబీ చేతులు అడ్డం పెట్టింది.

"వద్దు బిడ్డా. మా కంపెనీల బ్యాచ్ మీద ఎవరి పేరు ఉంటె కంప్లైంట్ వాళ్ళ మీదికే వస్తది."

పేరు పెట్టలేదు. కాని ప్యాకింగ్ సెక్షన్‌లో ఆలంబీ ఈ కథ వారం రోజులు చెప్పింది. ప్రతిసారీ ఒకే మాటతో ముగించేది. "మిషిన్‌కు ఏం తెలుస్తది?"

మే నెలలో నిషిత కొత్త బొమ్మ చూపించడానికి పిలిచింది. ఈసారి ఒకే గెలాక్సీకి రెండు గీతలు. దుమ్ము లేకపోతే వెలుతురు ఎలా ఉంటుందో నల్లగీత, దుమ్ము ఉంటే ఎలా వస్తుందో నీలంగీత అని చెప్పింది.

"రెండు నల్లగనే ఉన్నయి కద" అన్నది ఆలంబీ.

"లేదాంటీ. కిందిది నీలం. ముదురు నీలం."

"నల్లదే బిడ్డా. ఇరవై ఆరేండ్లు రంగులు చూసిన నేను."

అదే సమయానికి ట్యాంకులో నీళ్ళు చూడటానికి రహమాన్ పైకి వచ్చాడు. నిషిత ఏమీ చెప్పకుండా, ఏ గీత ఏ రంగని అతన్ని అడిగింది. అతను తెర వైపు ఒక్కసారి చూసి, "పైది నలుపు, కిందిది నీలం" అని ట్యాంకు దగ్గరికి పోయాడు. గోధుమరంగని చెప్పి ఆకుపచ్చ చొక్కా కొని తెచ్చిన మనిషి అతను. అతను కూడా సరిగ్గా చెప్పాడు.

ఆలంబీ రెండు గీతలనూ మళ్ళీ దగ్గరగా వంగి చూసింది. తర్వాత, "ఆ దుమ్ము ముచ్చట చెప్పు" అన్నది.

నిషిత చెప్పింది. గెలాక్సీల్లో సన్నటి దుమ్ము ఉంటుంది. అది నీలం వెలుతురును ఎక్కువ మింగి, ఎరుపును ఎక్కువ వదులుతుంది. అందుకే ఏదైనా ఎర్రగా కనబడితే, వస్తువే ఎరుపా, నడుమ దుమ్ము ఉండి అట్లా కనబడుతోందా అని ముందు అడగాలి. కళ్ళకు రెండూ ఒకేలా కనబడతాయి.

"ఇవతల ఉన్నోళ్ళకు నడుమ ఏమున్నదో ఎట్ల తెలుస్తది?"

"కష్టమే ఆంటీ. దుమ్ము లేకుంటె ఎట్లుంటదో ముందు తెల్వాలె."

ఆలంబీ కిందికి వెళ్ళి, ఉల్లిగడ్డలు కోసి, కూర వండింది. మర్నాడు పొద్దున ప్యాకింగ్‌కు పోకుండా నేరుగా శ్రావణ్‌కుమార్ గదికి వెళ్ళి నిలబడింది.

"సార్, నా నీలాలు తప్పినయా?"

శ్రావణ్‌కుమార్ ఎదురుగా ఉన్న ఫైలు మూశాడు. అందులో దాచాల్సింది ఏమీ లేదు. అయినా మూశాడు.

"మూడు కంప్లైంట్లు వచ్చినయమ్మా. ఆసుపత్రి మంచాలోళ్ళది ఒకటి. స్కూలు బెంచీలోళ్ళయి రెండు."

"మూడూ నీలమేనా?"

"నీలమే."

"నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? నేను చేరినప్పుడు షేడు చూసుడు నాకు నేర్పింది మీరు." అతను కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. "అందుకే ఓనరుతోని లొల్లి పెట్టుకుని మిషిన్ తెప్పించిన."

"చెప్తె డాక్టర్ దగ్గరికి పోతుంటి గద సార్! నాలుగు నెలలు ఉత్తగనే మిషిన్‌ను తిట్టుకుంట కూసున్న. దాని ఉసురు పోసుకున్న."

ఆలంబీ అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నది. పిలవకుండా ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు. చాలాసేపు కూర్చుంది. ఆమెకు కోపం వచ్చింది, సిగ్గూ వచ్చింది. రెండింటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయానని తర్వాత చెప్పింది.

సంగారెడ్డిలో కంటి డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉన్నాయన్నాడు. కళ్ళలో ఉండే అద్దం పసుపు తిరిగిందనీ, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తిరుగుతుంది కాబట్టి మనిషికి తెలియదనీ, ఇది మొదలై మూడేళ్ళయినా అయి ఉంటుందనీ చెప్పాడు. ఆపరేషన్ ముందు కుడి కంటికి, ఆరు వారాల తర్వాత ఎడమ కంటికి.

కుడి కంటి కట్టు విప్పిన పొద్దున ఆలంబీ మొదట చూసింది ఆసుపత్రి గోడను. "రాత్రికి రాత్రి సున్నం ఏసిండ్రా?" అని నర్సును అడిగింది. నర్సుకు ఈ ప్రశ్న రోజూ వస్తుంది. లేదన్నది. రహమాన్ ఆటోలో ఇంటికి తీసుకొచ్చాడు. ఆటో ఒక నీలం ఇంటి ముందు ఆగింది.

"ఇదెవరి ఇల్లు?"

"మనదే."

రెండేళ్ళ కింద ఆ రంగు తనే నిలబడి కలిపించింది. లేత ఆకుపచ్చ అనుకుంది. "మరి అప్పుడే చెప్పద్దా?" అన్నది.

"రంగుల సంగతి నీకు నేను చెప్పుడా?" అన్నాడు రహమాన్. అందులో న్యాయం ఉంది కాబట్టి ఆలంబీ ఊరుకున్నది.

ఆరు వారాలు ఆమెకు రెండు రకాల కళ్ళు. ఎడమ కన్ను మూస్తే లోకం తెల్లగా, నీలంగా ఉంటుంది. కుడి కన్ను మూస్తే పాతది వస్తుంది, టీ వడకట్టిన గుడ్డలోంచి చూసినట్టు. మొదటి వారం ఒకటి మూసి ఒకటి తెరిచి ఇల్లంతా చూసింది. పప్పు చూసింది, పాలు చూసింది, రహమాన్ గడ్డం చూసింది. గడ్డం తాను అనుకున్న దానికంటే తెల్లగా ఉంది. రెండో వారం డ్యూటీకి వెళ్ళి, గాజు ముక్క ఒకటి, రంగులేని వార్నిష్ ఒక డబ్బా, పసుపు, గోధుమ రంగు చుక్కలు కావాలని శ్రావణ్‌కుమార్‌ను అడిగింది.

"ఏం చేస్తరమ్మా?"

"నా ఎడమ కన్నుకు షేడు కలుపుత."

గాజు మీద రంగు కలిపిన వార్నిష్ పూసింది. ఆరాక దాన్ని కుడి కంటి ముందు పెట్టుకుని, ఎడమ కంటితో మామూలుగా చూసి, రెండూ ఒకటేనా అని సరిపోల్చింది. మొదటిది పసుపు ఎక్కువైంది. రెండోది పలచనైంది. ఏడోసారి కుదిరింది. రెండున్నర చుక్కల పసుపు, అర చుక్క గోధుమ. ఆ గాజును శ్రావణ్‌కుమార్ కంటి ముందు పెట్టి, కిటికీ దగ్గరికి తీసుకుపోయింది.

"గిట్ల చూసిన సార్ నేను. మూడేండ్లు."

శ్రావణ్‌కుమార్ దాంట్లోంచి ఆకాశం చూశాడు. ఆ తర్వాత ఆసుపత్రి మంచాలవాళ్ళ రెండు రేకులు చూశాడు. గాజులోంచి చూస్తే మధ్యలో గీత లేదు. గాజు తీస్తే ఉంది. మళ్ళీ పెట్టాడు. లేదు. "మీరు కరెక్టే కలిపిండ్రమ్మా" అన్నాడు. "ఈ కన్నుకు."

ఇద్దరూ కలిసి మూడేళ్ళ రేకులన్నీ బీరువాలోంచి దించారు. నూట పన్నెండు జతలు. గాజు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి. రెండు రోజులు పట్టింది. గాజుతో కలిసి, గాజు తీస్తే విడిపోయినవి పంతొమ్మిది. శ్రావణ్‌కుమార్‌కు తెలిసినవి మూడే. మిగతా పదహారు ఆలంబీయే బయటపెట్టింది, ఒక్కటి కూడా దాచలేదు. పదహారు మంది కస్టమర్లకూ కంపెనీ ఉత్తరాలు రాసింది. పన్నెండు మంది తాము గమనించలేదని రాశారు. ముగ్గురు, ఇదే బాగుంది, మార్చొద్దన్నారు. ఒకరు జవాబే ఇవ్వలేదు.

కంపెనీలో లేబుల్ లేకుండా ఏదీ ఉండకూడదు. శ్రావణ్‌కుమార్ ఆ గాజు మీద కాగితం అంటించి రాశాడు: ఆలంబీ ఎడమ కన్ను, బ్యాచ్ 7.

ఆలంబీ దాన్ని ఇంటికి తెచ్చి చూపిస్తే, నిషిత కంటి ముందు పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. "నేను కంప్యూటర్‌ల పెడుతున్న దుమ్ము ఇదే ఆంటీ" అన్నది. "మీకు రెండు కండ్లున్నయి కాబట్టి సరిచూసుకున్నరు. నాకు దుమ్ము లేని గెలాక్సీని చూపించేటోళ్ళు లేరు." రెండు రోజులకు అడిగి తీసుకుపోయి వాళ్ళ సారుకు చూపించింది. ఆయన ట్యూబులైటు వైపు పెట్టి అటూ ఇటూ తిప్పి, ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశారని అడిగాడు.

ఎడమ కంటి ఆపరేషన్‌కు ముందు వారం ఆలంబీ కొంచెం దిగులుగా ఉంది. భయమా అని రహమాన్ అడిగాడు. భయం కాదన్నది. ఆ కన్ను పోతే గాజును సరిచూసుకోవడానికి స్టాండర్డ్ ఉండదు, రంగుల పనిలో అంతకంటే పెద్ద తప్పు లేదన్నది. రహమాన్‌కు అర్థం కాలేదు, అయినా తల ఊపాడు. ముందురోజు మధ్యాహ్నం ఆమె కుడి కన్ను మూసుకుని, గోడ మీది తండ్రి ఫొటోను కాసేపు ఆ పాత పసుపులో చూసింది. తర్వాత అన్నం తిని పడుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆలంబీ షేడు బల్ల దగ్గరికి తిరిగి వచ్చింది. మిషిన్ అక్కడే ఉంది. అది అయిదు రకాలు చెబుతుంది, ఆమె వాటిని ఆరుబయట ఎండలోకి తీసుకుపోయి నాలుగు కొట్టేస్తుంది. ఒడిశా నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలకు హిందీలో పని నేర్పుతోంది. ఆరు నెలలకోసారి ముగ్గురూ కళ్ళ పరీక్షకు పోవాలని శ్రావణ్‌కుమార్ రూలు పెట్టాడు. తను కూడా పోతాడు.

నిషిత వ్యాసం అచ్చయింది. ఇప్పుడు థీసిస్ రాస్తోంది. పోయిన నెల ఒక మధ్యాహ్నం దుమ్ము మీద రాసిన అధ్యాయాన్ని ఆలంబీకి తెలుగులో చదివి వినిపించింది. ఆలంబీ శ్రద్ధగా విని, మూడో పేజీ దగ్గర నిద్రపోయింది. లేచాక, "ఏమనుకోకు బిడ్డా, మంచిగనే ఉన్నది" అన్నది.

"అనుకోను ఆంటీ" అన్నది నిషిత. "మా ఇంట్ల మొదటి పేజీకే పండుకున్నరు."